అమ్మ ముగ్గులకు పన్నెండు అచ్చులు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మధ్యాహ్నం పనులు ఒక కొలిక్కి వచ్చి, చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూనో, ఉతికిన బట్టలు మడత పెట్టుకుంటూనో వింటున్నారు కాబోలు. ఈవేళ మీతో ఒక చేతిపని గురించి మాట్లాడదామనుకుంటున్నాను. అచ్చుయంత్రం అక్కరలేకుండా, ఇంట్లోనే, వంటింటి చెంచాతో కాగితం మీద బొమ్మలు అచ్చు వేసుకోవడం. "ఉన్న పనులు చాలవా, మళ్ళీ ఇదొకటా!" అనుకోకండి. నేనూ అలాగే అనుకున్నదాన్నే. ఈ పని నన్నెలా పట్టుకుందో ముందు చెబుతాను. ఎలా చెయ్యాలో తరవాత చెబుతాను.

మా అమ్మ సంవత్సరీకాలు అయిన మర్నాడు ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాం. అన్నయ్య, అక్కయ్య, నేను, చెల్లాయి, నలుగురం. చీరలు పంచుకున్నాం, పేచీ రాలేదు. ఇత్తడి సామాను పంచుకున్నాం, పేచీ రాలేదు. పెట్టె అడుగున ఒక రూళ్ళ పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది. నిండా పెన్సిలుతో వేసిన ముగ్గులు. పక్కన అమ్మ చేతివ్రాత. "సందు చుక్కలు 15 నుంచి 8 వరకు." మరో పేజీలో, "కనుమ నాటి రథం. తాడు పక్కింటివాళ్ళ వాకిలి దాకా లాగాలి."

చిక్కంతా ఆ పుస్తకం దగ్గరే వచ్చింది. "పెద్దదాన్ని, నాకివ్వండి" అంది అక్కయ్య. "ఆఖరి రోజుల్లో అమ్మ నా దగ్గరే వుంది" అంది చెల్లాయి. నేను పైకి ఏమీ అనలేదు గాని, నాకే కావాలని లోపల గట్టిగానే వుంది. చివరికి వదిన దాన్ని తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ సాయంకాలం అందరం ముభావంగానే బయలుదేరి ఎవరిళ్ళకు వాళ్ళం వెళ్ళిపోయాం.

"ఈమాత్రం దానికేనా? జిరాక్సు తీయించుకుంటే పోయేది కదా!" అంటారు మీరు. తీయించుకున్నాం. వెలిసిపోయిన పెన్సిలు గీతలు, అక్కడొకటి ఇక్కడొకటి తప్ప, రానేలేదు. సెల్‌ఫోన్లో ఫోటోలు కూడా తీసుకున్నాం. వాటి సంగతి ఏం చెప్పను! పెళ్ళిళ్ళ ఫోటోలు, పాలవాడి లెక్కలు, తెల్లారేసరికి వచ్చిపడే శుభోదయం పువ్వులు – వీటి మధ్య ఎక్కడున్నాయో కూడా తెలియదు. పైగా, మన చేతిలో వున్నది నకలు, అసలుది వదినగారి బీరువాలో వుంది అన్నమాట ఎవరి మనసులోంచీ పోలేదు.

మా పక్కింటివాళ్ళమ్మాయి చిత్రకళ చదువుకుంటోంది. ఒకరోజు ఆ ఫోటోలు చూపిస్తే, "వీటిని లినో మీద చెక్కి అచ్చు వెయ్యండి ఆంటీ. అచ్చులో నకలంటూ వుండదు. ఒక పలక మీంచి పన్నెండు తీస్తే పన్నెండూ అసలువే" అంది. ఆ మాట నాకు బాగా పట్టింది. "మరి మెషీనో?" అన్నాను. "మీ వంటింట్లో చెంచా వుంది కదా!" అంది.

మెషీను లేకుండా అచ్చు వేయడం కొత్త సంగతేమీ కాదండీ. చైనాలో 868వ సంవత్సరంలో అచ్చయిన 'వజ్రసూత్రం' అనే బౌద్ధగ్రంథం ఇప్పటికీ లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా వుంది. చెక్కపలక చెక్కి, సిరా పూసి, దాని మీద కాగితం పరిచి తీసిన అచ్చు అది. యూరపులో గుటెన్‌బర్గ్ అచ్చుయంత్రం వచ్చింది 1450 ప్రాంతంలో, అంటే దాదాపు 600 ఏళ్ళ తరవాత. జపాను చిత్రకారుడు హొకుసాయి వేసిన పెద్ద కెరటం బొమ్మ కేలండర్ల మీదా, సంచుల మీదా మీరు చూసే వుంటారు. సుమారు 1831లో వచ్చిన ఆ బొమ్మకూ యంత్రం లేదు. చెక్కపలకలకు రంగు పూసి, కాగితం ఆనించి, వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్ళతో వెనక రుద్ది తీసినదే. అంతదూరం ఎందుకు, మన బందరు పక్కన పెడనలో కలంకారీ పనివాళ్ళు గుడ్డ మీద చెక్క అచ్చు ఆనించి, వెనక నుంచి చేత్తో ఒక్క దెబ్బ వేస్తారు. ఆ చెయ్యే వాళ్ళ యంత్రం.

ఇక లినో అంటే ఏమిటంటారా? లినోలియం. 1860ల్లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన అవిసె నూనెను గట్టిపరిచి, అందులో బెండు పొడి కలిపి, గోనెపట్టా మీద పరిచి తయారుచేసిన సరుకు. ఎందుకనుకున్నారు? ఇళ్ళల్లో నేలమీద పరుచుకోవడానికి! అది మెత్తగా తెగుతుందనీ, చెక్కకు వున్నట్టు దీనికి నారలు అడ్డం రావనీ కనిపెట్టి, తరవాత చిత్రకారులు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ 1930లో ఉప్పు సత్యాగ్రహం సందర్భంగా చేసిన గాంధీగారి బొమ్మ గుర్తుందా? చేతికర్ర పట్టుకుని అడుగు ముందుకు వేస్తున్న బొమ్మ, నలుపు మీద తెల్లటి గీతలు. అది లినో అచ్చే.

నలుపు మీద తెలుపు అనగానే మీకేం తోచింది? నాకు మటుకు పేడనీళ్ళు చల్లిన వాకిలీ, దాని మీద తెల్లటి ముగ్గూ కళ్ళముందుకొచ్చాయి. లినో పనిలో మొదట తెలుసుకోవలసింది ఇదే. మనం చెక్కి తీసేసిన చోట సిరా అంటదు, అక్కడ కాగితం తెల్లగా మిగిలిపోతుంది. చెక్కకుండా వదిలిన చోటల్లా రంగు పడుతుంది. అంటే ముగ్గు గీత వెంట ఒక సన్నటి కాలువ తీసుకుంటూ పోతే చాలు, అచ్చులో తెల్లటి ముగ్గు వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటె సులువైన బొమ్మ లేదు.

కావలసినవి చెబుతాను, కాగితం మీద రాసుకోండి. ఒకటి, చిత్రకళ సామాను అమ్మే షాపులో లినో ముక్క, సుమారు 3 మిల్లీమీటర్ల మందం, మొదటిసారికి ఆరంగుళాల చదరం చాలు. ఇళ్ళల్లో పరుచుకోవడానికి ఇప్పుడు అమ్మే ప్లాస్టిక్ షీటు పట్టుకురాకండి, అది ఇది కాదు. అక్కడే మెత్తటి రబ్బరు పలకలు కూడా దొరుకుతాయి. వేళ్ళనొప్పులు వున్నవారికి అవి మేలు. రెండు, లినో చెక్కే చిన్న ఉలుల పెట్టె. గీతలకు కోసుగా వుండే సన్నటి ఉలి, వెడల్పు చోట్లు తవ్వడానికి గుండ్రటి మొన వున్న ఉలి, ఈ రెండూ ముఖ్యం. మూడు, అచ్చు సిరా ఒక ట్యూబు, నీళ్ళతో కడిగితే పోయేది తీసుకోండి. నాలుగు, చిన్న రబ్బరు రోలరు. అయిదు, పల్చగా వున్నా గట్టిగా వుండే కాగితం. మందపాటి డ్రాయింగు కాగితానికి మెషీను కావాలి గాని చెంచా చాలదు. ఆరు, సిరా పరుచుకోవడానికి అద్దం పలక. అంచులు గీసుకోకుండా చుట్టూ టేపు అంటించండి. ఏడు, వీపు నున్నగా వున్న స్టీలు చెంచా. ఒక్క మాట. సిరాకు వాడిన చెంచా మళ్ళీ వంటకు వాడకండి.

ఇక చెక్కడం. ముగ్గును పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిలుతో గీసుకోండి. ఆ కాగితాన్ని లినో మీద బోర్లించి వెనక గట్టిగా రుద్దితే గీత దాని మీదకు దిగుతుంది. బోర్లించడం మాత్రం మరవకండి. అచ్చులో కుడిది ఎడమకు, ఎడమది కుడికి మారుతుంది. బోర్లించి దింపితేనే చివరికి సరిగా వస్తుంది. ఈ మాట ఎందుకింత నొక్కి చెబుతున్నానో తరవాత మీకే తెలుస్తుంది.

లినో గట్టిగా వుంటే పది నిమిషాలు ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది. చెక్కేటప్పుడు పలక జారకూడదు. ఒక చిన్న చెక్కకు ఇవతలి అంచున కింద ఒక బద్దె, అవతలి అంచున పైన ఒక బద్దె కొట్టించుకోండి. కింది బద్దె బల్ల అంచును పట్టుకుంటుంది, పై బద్దె లినోను ఆపుతుంది. ఉలి ఎప్పుడూ మనకు దూరంగా, ముందుకే నడవాలి. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే వుండాలి, ముందుండకూడదు. ఇది ఒక్కటి గుర్తుంచుకుంటే వేలు తెగదు. నేనొకసారి మరిచాను. వారం రోజులు గిన్నెలు మావారే తోమారు.

లోతు ఎక్కువ అక్కరలేదు. ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర, అంతే. అడుగున గోనెపట్టా కనిపించిందంటే ఎక్కువ తవ్వినట్టు లెక్క. మెలికల దగ్గర ఉలి తిప్పకండి. ఉలి అలాగే వుంచి, ఎడమచేత్తో పలకను తిప్పండి. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు ముగ్గు కదలదు, మనం దాని చుట్టూ తిరుగుతాం. ఇక్కడ మనం కూర్చుంటాం, ముగ్గు తిరుగుతుంది. ఈ పద్ధతి చేతికి అలవాటు పడడానికి నాకు రెండు మధ్యాహ్నాలు పట్టింది.

ఇప్పుడు అచ్చు. అద్దం మీద చెంచాడు సిరా వేసి రోలరుతో అటూ ఇటూ పల్చగా పరవండి. సిరా సరిగా పరుచుకుంటే రోలరు కింద చిరుచిరుమని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చాక లినో మీద రెండు మూడుసార్లు నడపండి. సిరా ఎక్కువైతే సన్నటి గీతలు పూడిపోతాయి. తక్కువైతే అచ్చంతా ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలుగా వస్తుంది. ఒక పాత కాగితం మీద లినో కొలత, దాని చుట్టూ అచ్చుకాగితం కొలత ముందే గీసి పెట్టుకుంటే, ప్రతిసారీ బొమ్మ సరిగ్గా మధ్యలోనే పడుతుంది. కాగితం లినో కంటె నాలుగువైపులా ఒకటిన్నర అంగుళం పెద్దదిగా వుండాలి.

కాగితం మెల్లగా దించండి. దించాక జరపవద్దు. పైన ఒక నూనె కాగితం వేసి, చెంచా వీపుతో మధ్యలోంచి అంచులకు చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. ఆరంగుళాల పలకకు అయిదు నిమిషాలు తక్కువ కాకుండా రుద్దాలి. ఒక చెయ్యి కాగితాన్ని కదలనీయకుండా వుంచి, ఒక మూల ఎత్తి చూడండి. రంగు పలచగా వుంటే మళ్ళీ దించి అక్కడ ఇంకాస్త రుద్దండి. ఈ సదుపాయం మెషీనులో లేదు సుమా! బాగా పట్టిందనుకున్నాక ఒక మూల నుంచి కాగితం ఒలవండి.

మొదటి అచ్చు చూసి నిరుత్సాహపడకండి. మొదటి దోసె పెనానికి అంటుకుంటుందని దోసెలు మానేస్తామా? కొత్త లినో మొదట కాస్త సిరా పీల్చుకుంటుంది. మూడో అచ్చుకు రంగు నిలబడుతుంది. తీసిన అచ్చుల్ని బట్టల తీగకు క్లిప్పులతో వేలాడదీయండి. నీటి సిరా కొద్ది గంటల్లో ఆరుతుంది. నూనె సిరా అయితే రోజులు పడుతుంది. దాన్ని కడగడానికి ముందు కాస్త వంటనూనెతో తుడిచి, తరవాత సబ్బునీళ్ళు వాడండి.

చిన్నపిల్లలు మేమూ వేస్తామని మీద పడతారు. వాళ్ళ చేతికి ఉలి ఇవ్వకండి. బెండకాయ అడ్డంగా కోసి, పోస్టరు రంగులో అద్ది కాగితం మీద నొక్కమనండి, పువ్వు వస్తుంది. బంగాళాదుంపను సగానికి కోసి, దాని మీద మీరే ఒక చుక్కో చేపో చెక్కి ఇవ్వండి. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ఇల్లు నిశ్శబ్దంగా వుంటుంది. తరవాత గోడలు ఒకసారి చూసుకోవాలి, అంతే!

ఇక నా తప్పు సంగతి. నేను ముందుగా చెక్కింది నాలుగు తీగలు తిరిగే ముగ్గు. పక్కింటి అమ్మాయి బోర్లించమని చెప్పింది. ముగ్గు ఎటు తిప్పినా ఒకటే కదా అనుకుని, కార్బను కాగితం పెట్టి తిన్నగా దింపేశాను. చాలా ముగ్గులకు నిజంగానే తేడా రాదు, రెండుపక్కలా ఒకేలా వుంటాయి గనక. అచ్చు తీశాను, నలుపు మీద తెల్లగా మెరిసిపోతూ వచ్చింది. సంబరపడి అక్కయ్యకు చూపించాను. అక్కయ్య చూసీ చూడగానే, "ఇది అమ్మ ముగ్గు కాదే. అమ్మ తీగ కుడివైపుకు తిరుగుతుంది" అంది.

పుస్తకం చూడకుండానే అంది. యాభై ఏళ్ళ కిందట వాకిట్లో అమ్మ వెనక ముగ్గుచిప్ప పట్టుకుని నుంచున్న పిల్ల ఆవిడ. మొదట నాకు ఉక్రోషం వచ్చింది. తరవాత ఆలోచిస్తే, ఆ తీగ ఎటు తిరుగుతుందో నేను అంతవరకు చూడనే లేదని తెలిసింది. ఫోటో నా దగ్గర ఏడాదిగా వుంది. అయినా చూడలేదు. మళ్ళీ కొత్త ముక్క తీసుకుని, బోర్లించి, మొదటి నుంచీ చెక్కాను. ఈసారి ఏ చుక్క దగ్గర గీత ఎటు మళ్ళుతుందో, దేని కింద నుంచి పోయి దేని మీదుగా వస్తుందో నా చేతికి తెలిసింది. చెక్కడం పూర్తయ్యాక, చూడకుండా వాకిట్లో పెట్టగలిగాను.

ఆ ముగ్గు పన్నెండు అచ్చులు తీశాను. మేం నలుగురం, అమ్మ మనవలూ మనవరాళ్ళూ ఎనిమిది మంది. ఇలాంటి అచ్చులకు ఒక పద్ధతి వుంది. బొమ్మ కింద ఎడమవైపు పెన్సిలుతో పన్నెండింటిలో ఎన్నవదో రాస్తారు. 1/12, 2/12 అని. మధ్యలో బొమ్మ పేరు, కుడివైపు చేసినవారి సంతకం. మొదటిది ఎక్కువ, పన్నెండోది తక్కువ అని లేదు. అంకెలు వేశాను, మధ్యలో "అమ్మ తీగ ముగ్గు" అని రాశాను. సంతకం దగ్గర కాస్సేపు ఆగాను. ముగ్గు అమ్మది, చెక్కింది నేను, తప్పు పట్టింది అక్కయ్య. చివరికి నా పేరే రాశాను. ఇన్నేళ్ళలో చెక్కుల మీదా, పిల్లల ప్రోగ్రెసు రిపోర్టుల మీదా తప్ప నేను సంతకం చేసిన వస్తువు అదొక్కటే.

సంక్రాంతికి అన్నయ్య ఇంట్లో అందరం కలిసినప్పుడు పంచాను. ఎవరికే అంకె రావాలో చీట్లు వేశాం. ఎవరూ పేచీ పెట్టలేదు. చెల్లాయి తన దానిని అప్పటికప్పుడే చీరమడతలో పెట్టుకుంది. వదిన లోపలికి వెళ్ళి, బీరువా తాళం తీసి, ఎవరూ అడగకుండానే పుస్తకం తెచ్చి మధ్యలో పెట్టింది. "ఇంకా ఏవి చెక్కుతావో చూసుకో" అంది. ఆ మధ్యాహ్నం మేం పుస్తకం చుట్టూ కూర్చుని ఎన్ని మాటలు చెప్పుకున్నామో! ఇప్పటికి ఆరు ముగ్గులు చెక్కాను. పుస్తకం ఎవరి దగ్గర వుందన్న ప్రసక్తి మళ్ళీ రాలేదు.

అయితే ఒకటి చెప్పకుండా ముగించలేను. ఆ పుస్తకం చివరి నాలుగు పేజీల్లో చుక్కలే వున్నాయి. గీతలు లేవు. పక్కన "పెద్దపండక్కి" అని మాత్రం రాసి వుంది. తరవాత కలుపుదామనుకుని వుంటుంది అమ్మ. ఆ చుక్కలు ఎలా కలపాలో మా నలుగురిలో ఎవరికీ తెలియదు. అక్కయ్య రెండు మూడు రకాలుగా కలిపి చూసింది. ఏదో ఒక ముగ్గు వచ్చింది గాని అది అమ్మది కాదని తనే అంది. ఆ నాలుగూ నేను చెక్కలేదు, ఇక చెక్కలేను కూడా.

అందుకని, అమ్మ వున్నవాళ్ళు, అత్తగారున్నవాళ్ళు, ఉలీ సిరా తరవాత కొనుక్కోవచ్చు. ముందు ఈవారమే ఒక కాగితం, పెన్సిలు తీసుకుని ఆవిడ పక్కన కూర్చోండి. "ఈ చుక్కలు ఎలా కలుపుతావమ్మా?" అని అడగండి. ఆవిడ గీస్తుండగా తీగ ఎటు తిరుగుతోందో చూడండి. చెక్కడం నిదానంగా నేర్చుకుందురు గాని.